రాజా దీన్ దయాళ్ - గాజు పలకల మీద నిలిచిన దేశం

ఛాయాచిత్రణం మీద మక్కువ కలిగిన విద్యార్థులు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏ కెమెరా కొనాలి? కొండలను, కోటలను, చెరువులను, పాడుబడిన గుడులను చిత్రించాలని ఉబలాటపడేవారికి ఈ ప్రశ్న మరీ ఎక్కువ. లెన్సు ఎంత వెడల్పున ఉండాలి, ముక్కాలి ఎంత బరువుండాలి, సంచిలో ఏమేమి సర్దుకోవాలి అన్న చర్చ మొదలైతే తెల్లవారే వరకు తెమలదు. ఇదే ప్రశ్న నూట యాభై ఏండ్ల క్రిందట ఇండోరు నగరంలో ఒక ప్రభుత్వోద్యోగికి ఎదురైంది. ఆనాడు దానికి సమాధానం ఒక బండెడు సామాను. ఆ బండిని వెంటబెట్టుకొని మధ్య భారతమంతా తిరిగి, చివరకు మన హైదరాబాదుకు చేరి, ఆసఫ్ జాహీ దర్బారులో రాజా బిరుదాన్ని పొందిన ఆ ఉద్యోగి లాలా దీన్ దయాళ్. ఆయన చరిత్రను వ్రాసేవారు సాధారణంగా నవాబులను, వైస్రాయిలను, పులివేటలను ముందు పెట్టి వ్రాస్తారు. ఆయన చేతిలోని పెట్టెను ముందు పెట్టుకొని చెప్పుకుంటేనే ఆ జీవితం సరిగా అర్థమవుతుందని నా అభిప్రాయం.

దీన్ దయాళ్ 1844లో మీరట్ పట్టణ సమీపంలోని సర్ధానాలో, నగల వ్యాపారం చేసే ఒక జైన కుటుంబంలో జన్మించారు. కుల వృత్తిని అనుసరించక రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1866లో చదువు పూర్తి చేశారు. ఆ ఏడే ఇండోరులోని ప్రజాపనుల శాఖ కార్యాలయంలో అంచనాలు వేసేవారిగా, నక్షాలు గీసేవారిగా ఉద్యోగం లభించింది. ఒక వంతెనకు ఎన్ని రాళ్లు పట్టునో, ఒక గోడకు ఎంత సున్నం కావాలో లెక్కకట్టడం, కట్టబోయే భవనం ఎదుటి నుండి ఎట్లుండునో, ప్రక్క నుండి ఎట్లుండునో కాగితం మీద కొలతలతో గీయడం ఆ పని. నిటారుగా ఉండవలసిన గీత నిటారుగానే ఉండాలి. వెంట్రుకవాసి వంగినా ఆ నక్షా పనికిరాదు. ఈ క్రమశిక్షణ ఆయన చేతిలో పది పన్నెండేండ్లకు పైగా ఇంకింది. తరువాతి కాలంలో ఆయన తీసిన ఏ గోపురం చిత్రాన్ని చూచినా ఆ నక్షాకారుడు కనిపిస్తాడు.

ఆయన కెమెరా పట్టినది 1874లో. అప్పటికి ఆయన వయస్సు ముప్పై. అది జీతం కోసం కాదు, షౌకు కోసం. ఉదయం నుండి సాయంత్రం దాకా కచేరీలో లెక్కలు, సెలవు దినాన కెమెరా. ఇండోరు సంస్థానాధీశులు రెండవ తుకోజీరావు హోల్కరు, మధ్య భారతంలో గవర్నరు జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఈ ఉద్యోగి అభిరుచిని గమనించి ప్రోత్సహించారు. అధికారులకు, రాజులకు తమ రూపాలు కాగితం మీద చూచుకోవాలన్న ముచ్చట అప్పుడప్పుడే బలపడుతున్న కాలమది. ఆదరణకు కొదవ లేదు. కష్టమంతా సామాను దగ్గర.

ఆ సామాను ఎట్టిదో కొంత వివరంగా చెప్పుకోవాలి. కెమెరా అంటే చెక్కతో చేసిన పెద్ద పెట్టె. ముందు భాగాన ఇత్తడి గొట్టంలో అమర్చిన లెన్సు, వెనుక గరుకు గాజు పలక, రెంటికీ మధ్య మడతలు మడతలుగా ముడుచుకొనే తోలు తిత్తి. చిత్రకారుడు నల్లగుడ్డను నెత్తిన కప్పుకొని వెనుక గాజు మీద పడిన ప్రతిబింబాన్ని చూడాలి. ఆ ప్రతిబింబం తలక్రిందులుగా ఉంటుంది. గోపురం నేల మీద, పునాది ఆకాశంలో. అట్టి దృశ్యాన్ని చూచి కూర్పు బాగున్నదో లేదో నిర్ణయించుకోవాలంటే కంటికి ప్రత్యేకమైన అభ్యాసం కావాలి.

చిన్న నెగెటివ్ నుండి పెద్ద చిత్రం చేసుకొనే సౌకర్యం ఆనాడు వాడుకలో లేదనే చెప్పాలి. నెగెటివ్ ఎంత ఉంటే చిత్రమూ అంతే. కాగితాన్ని నెగెటివ్‌కు ఆనించి ఎండలో పెట్టి అచ్చు తీసేవారు. కనుక పెద్ద చిత్రం కావాలంటే పెద్ద గాజు పలక కావాలి. పెద్ద పలకకు పెద్ద కెమెరా, పెద్ద కెమెరాకు దిట్టమైన ముక్కాలి. పది అంగుళాలకు పన్నెండంగుళాల గాజు పలక దళసరిని బట్టి అర కిలో దాకా తూగుతుంది. డజను పలకలంటేనే ఒక మోపు. అవి పగలకుండా మెత్తలు పెట్టిన పెట్టెలలో, గతుకుల బాటల మీద ఎడ్లబండిలో ప్రయాణం చేయాలి.

బరువొక్కటే అయితే కూలీలు మోసి పెడతారు. అంతకంటె కఠినమైనది కాలంతో పందెం. 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు ప్రకటించిన తడి పలక పద్ధతే అప్పటికి రాజ్యమేలుతున్నది. చిత్రకారుడు అక్కడికక్కడే గాజు పలకను తుడిచి, దాని మీద కొలోడియన్ అనే జిగట ద్రవాన్ని సమంగా పారించి, చీకటి గుడారంలో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీసి, తిరిగి గుడారంలోకి పరుగెత్తి ఆ తడి మీదనే రూపాన్ని వెలికి తీయాలి. పూత ఆరిందా, శ్రమంతా వృథా. కొలోడియన్‌లో ఈథరు ఉంటుంది. వైశాఖమాసపు ఎండలో అది చూస్తూండగానే ఆవిరైపోతుంది. నాలుగు వైపులా మూసిన గుడారంలో ఆ ఆవిరి నడుమ నిలబడి పనిచేయడం ఎట్టిదో చదువరులే ఊహించుకోవాలి. కడగడానికి నిర్మలమైన నీరు కావాలి; బావి నీటిలో ఉప్పు ఉంటే మరకలు పడతాయి. ధూళి రేణువు వాలితే ఆకాశంలో చుక్క మొలుస్తుంది. సిల్వర్ నైట్రేట్ సోకిన వ్రేళ్లు నల్లబడి ఎన్ని రోజులకూ తెల్లబడవు. దీన్ దయాళ్ కంటె ముందు, 1863లో హిమాలయాల చిత్రణకు బయలుదేరిన శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు ఈ పరికరాలను మోయించడానికి ముప్పై మంది దాకా కూలీలను వెంట తీసుకొనిపోయాడట! ఆయన కూడా మొదట ఒక బ్యాంకు గుమస్తాయే.

ఆ పలకకు మరొక లోపమున్నది. అది నీలి కాంతికే త్వరగా స్పందిస్తుంది. ఆకుపచ్చకు మందంగా, ఎరుపుకు దాదాపు స్పందించదు. కనుక చెట్లు కారునలుపుగా, ఆకాశం వట్టి తెలుపుగా వస్తాయి. ఎర్రని ఇసుకరాతి కట్టడాన్ని తీయాలంటే చాలసేపు వెలుతురు తగలనివ్వాలి. అంతలో ఆకాశం పూర్తిగా కాలిపోతుంది. మేఘాలు కావాలనుకొనేవారు మేఘాలను వేరే పలక మీద తీసి రెండింటినీ కలిపి అచ్చు తీసేవారు. ఇక అచ్చుకు వాడే కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత. ఐరోపాలో, ముఖ్యంగా జర్మనీలోని డ్రెస్డెన్‌లో, ఈ కాగితం తయారీకి గుడ్లను లక్షల సంఖ్యలో వినియోగించేవారు. అహింసను పరమధర్మంగా భావించే జైన కుటుంబంలో పుట్టిన వ్యక్తి తన జీవితకాలపు కృషిని అటువంటి కాగితం మీద నిలుపవలసి వచ్చింది!

ఈ ఇబ్బందులే ఆయనను తీర్చిదిద్దాయనడం అతిశయోక్తి కాదు. ఒక్క చిత్రానికి ఇంత తతంగం ఉన్నప్పుడు పది తీసి ఒకటి ఏరుకుందామనుకోవడానికి వీలు లేదు. ముందుగా స్థలమంతా కాలినడకన చుట్టిరావాలి. వెలుతురు ఏ ఘడియకు ఏ గోడ మీద పడుతుందో కనిపెట్టాలి. అప్పుడు గాని ముక్కాలి దింపరాదు. నేలను కొలిచి అలవాటుపడిన ఇంజనీరుకు ఇది కొత్త పని కాదు.

ఇక్కడ ఆ కెమెరాలోని ఒక సౌకర్యాన్ని గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఎత్తైన కట్టడాన్ని తీయడానికి మనం కెమెరాను పైకెత్తుతాము. అప్పుడు గోడలు పైకి పోయిన కొద్దీ దగ్గరై, భవనం వెనుకకు పడబోతున్నట్లు కనిపిస్తుంది. చేతి ఫోనుతో చార్మినారును తీసిన వారందరికీ ఇది అనుభవమే. ఆనాటి చెక్క కెమెరాలో పెట్టెను సమతలంగానే ఉంచి, ముందరి లెన్సు పలకను మాత్రం పైకి జరుపవచ్చు. అప్పుడు శిఖరం చిత్రంలోకి వస్తుంది, గోడలు నిటారుగానే ఉంటాయి. పైగా దీన్ దయాళ్ రూర్కీ నుండి బయటకు వచ్చిన 1866 సంవత్సరంలోనే, చిత్రం అంచులలో గీతలు వంగకుండా చూపే కొత్త లెన్సు లండనులో డాల్‌మేయరు, జర్మనీలో స్టైన్‌హైల్ ఒకరికొకరు సంబంధం లేకుండా రూపొందించారు. నక్షాకారునికి కావలసిన పరికరాలు ఆయన కోసమే వచ్చాయా అన్నట్లు ఆ కాలంలో సమకూరాయి.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట దీన్ దయాళ్ బుందేల్‌ఖండ్ పర్యటన చేశారు. గ్వాలియరు కోట, దతియా, ఓర్ఛా ప్రాసాదాలు, ఖజురహో ఆలయాలు, సాంచీ స్తూప తోరణాలు ఆయన పలకలకెక్కాయి. రైలు చేరని చోట్లే ఎక్కువ. ఆ చిత్రాలను చూచినప్పుడు నాకు మొదట తోచేది వాటి నెమ్మది. ఎక్కడా హంగు లేదు. రాతి చెక్కడం మీద ఏటవాలుగా పడే ఎండను ఎంచుకొని, నీడల లోతు చెడకుండా, చిత్రం నాలుగు అంచుల వరకు స్ఫుటంగా తీశారు. కొన్నింటిలో ఒక మనిషి గోడ దగ్గర నిలబడి ఉంటాడు. కట్టడం ఎత్తు తెలియడానికి ఆయనే కొలబద్ద. వీటిలో ఎనభైకి పైగా చిత్రాలతో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలను గురించిన గ్రంథం 1886లో వెలువడింది. గ్రంథకర్తగా అట్ట మీద ఉన్నది గ్రిఫిన్ పేరు. నేడు ఆ గ్రంథాన్ని తెరిచేవారు మాత్రం దీన్ దయాళ్ చిత్రాల కోసమే తెరుస్తారు.

ఈలోగా సామాను తేలికైంది. 1871లో రిచర్డ్ మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు సూచించిన జెలటిన్ పొడి పలకలు 1880 నాటికి బజారులోకి వచ్చాయి. పూత ముందే పూసి ఎండిన పలకలు. వాటిని నెలల తరబడి దాచుకోవచ్చు, తీసిన తరువాత తీరికగా ఇంటికి వచ్చి కడుగవచ్చు. చీకటి గుడారం, రసాయనాల సీసాలు బండి దిగిపోయాయి. తడి పలక సెకండ్ల తరబడి చూడవలసిన దృశ్యాన్ని పొడి పలక రెప్పపాటులో చూచింది. దీన్ దయాళ్ ఈ మార్పును వెంటనే అందిపుచ్చుకున్నారు. అంతవరకు లెన్సు మూతను చేతితో తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి, మూత పెట్టేవారు. ఇప్పుడు కంచె దూకే గుఱ్ఱాన్ని గాలిలో ఉండగానే పట్టుకోగలిగారు.

1885లో ఆయన వైస్రాయి లార్డ్ డఫరిన్‌కు ఛాయాచిత్రకారునిగా నియమితులైనారు. ఆ రోజులలోనే సెలవు పెట్టి, తరువాత ఉద్యోగాన్ని పూర్తిగా విడిచిపెట్టారు. నలభై ఏండ్లు దాటిన గృహస్థు, ఇరవై ఏండ్ల సర్కారీ కొలువును వదులుకొని, గాజు పలకలను నమ్ముకోవడం సామాన్య విషయం కాదు. పింఛను కంటె పెద్ద భద్రత లేదని తలచే కాలమది. ఇప్పుడైనా మన ఇండ్లలో అంతకంటె వేరుగా తలచడం లేదు.

ఆయన హైదరాబాదు రాజ్యానికి వచ్చి సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా చేసుకున్నారు. 1894లో రాజా బహాదూర్, ముసవ్విర్ జంగ్ బిరుదులు ప్రసాదించారు. ముసవ్విర్ అనగా ఉర్దూలో చిత్రకారుడు. జంగ్ అనగా యుద్ధం. కత్తి పట్టనివానికి యోధుల బిరుదు! ఉర్దూ కవి కూడా అయిన నిజాము దీన్ దయాళ్ ప్రతిభను మెచ్చుకొంటూ ఒక షేర్ చెప్పారు. అది ఈనాటికీ హైదరాబాదీల నోళ్లలో ఉన్నది.

దర్బారులు, విందులు, కవాతులు, వేటలు తీయడం ఆ కొలువులో తప్పని పని. వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ అడవులలో 1902లో లార్డ్ కర్జను దంపతులు చంపిన పులి ప్రక్కన నిలబడిన చిత్రం దేశదేశాల పుస్తకాలకెక్కింది. నేనైతే ఆ పులి చిత్రం కంటె నిజాము రాజ్యంలోని దృశ్యాలతో 1892లో కూర్చిన ఆల్బమునే గొప్పదంటాను. గోల్కొండ, దౌలతాబాదు, ఎల్లోరా, ఓరుగల్లు, హనుమకొండ వంటి చోట్లకు ఆయన తిరిగి తన మొదటి షౌకు వద్దకే వచ్చారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి నల్లరాతి స్తంభాల నునుపును ఆ పలకలు పట్టిన తీరు చూచి తీరవలసినది. నగరంలో బషీర్‌బాగ్ ప్రాసాదాన్ని కూడా ఆయన చిత్రించారు. ఆ ప్రాసాదం తరువాత నేలమట్టమైంది. నేడు బషీర్‌బాగ్ అంటే బస్సులు ఆగే ఒక కూడలి. ఆ మేడ ఎట్లుండెడిదో తెలుసుకోవాలంటే ఆయన పలకలే దిక్కు.

అన్నీ మెచ్చుకోదగినవే అనడం న్యాయం కాదు. ఆ శతాబ్ది చివర వచ్చిన కరవులో నిజాము ప్రభుత్వం చేసిన సహాయ కార్యక్రమాలను కూడా ఆయన సంస్థ చిత్రించింది. ఎముకల గూళ్లయిన మనుషులను బారులు తీర్చి నిలబెట్టి, ఆస్థానపు దాతృత్వానికి సాక్ష్యంగా చూపిన చిత్రాలవి. కట్టడాన్ని ఎట్లు చూచునో ఆ కెమెరా ఆకలిని కూడా అట్లే, నిటారుగా, స్ఫుటంగా, దూరం నుండి చూచింది. కొలువులో ఉన్న కళాకారునికి గల ఎల్లలు అక్కడ కనిపిస్తాయి. అయినా ఆ ముఖాలు మిగిలినవి ఆ చిత్రాల వల్లనే.

1892లో ఆయన హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. ఎత్తైన గోడల నడుమ, పురుషులు అడుగుపెట్టని ఆ ప్రాంగణంలో శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత కెమెరా నిర్వహించేవారు. ఘోషాలో ఉండే కుటుంబాల స్త్రీలు పరదాకు భంగం కలుగకుండా తమ చిత్రాలు తీయించుకున్నారు. తన స్టూడియోలో తానే అడుగుపెట్టరాని ఒక గదిని కట్టించడానికి పెద్ద మనసు కావాలి. మంచి వ్యాపారదృష్టి కూడా కావాలనుకోండి!

1896లో బొంబాయిలో స్టూడియో, 1897లో విక్టోరియా రాణి నియామక పత్రం. బయటికి అంతా వైభవమే. అయితే ఆ వైభవానికి చీడ కూడా కెమెరా రూపంలోనే వచ్చింది. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ అనే చిన్న పెట్టెను విడుదల చేశాడు. అందులో గాజు లేదు, చుట్ట చుట్టిన ఫిల్ము. మీట నొక్కితే చాలు, కడిగే పని కంపెనీ వారిది. క్రమంగా దొరలు తమ చిత్రాలు తామే తీసుకోసాగారు. ఇరవై ఏండ్లు శ్రమించి ఒకరు సంపాదించిన విద్యలో సగం బజారులో పెట్టెతో పాటు దొరకసాగింది. దీన్ దయాళ్ గాజును విడువలేదు.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించారు. మరుసటి ఏడు, 1905 జూలైలో, దీన్ దయాళ్ కన్నుమూశారు. మరొక కుమారుడు జ్ఞానచంద్ సంస్థను నడిపారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ గతించడంతో అసలైన ఆసరా తొలగిపోయింది. వంశీకుల ఇంట మిగిలిన గాజు నెగెటివ్‌లలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది. చౌమహల్లా ప్రాసాదంలో ఆయన చిత్రాలు ప్రదర్శనలో ఉన్నాయి. వెళ్లిన విద్యార్థులు షాండిలియర్ల క్రింద నిలబడి తమ చిత్రాలు తీసుకొన్న తరువాత, ఆ గోడల వైపు కూడా ఒకసారి చూడవలసిందిగా కోరుతున్నాను.

అట్లు చూచినప్పుడు చిత్రం అడుగున ఒక మూల గమనించండి. చాల చిత్రాలపై తెల్లని చిన్న అక్షరాలతో ఒక సంఖ్య, స్థలం పేరు కనిపిస్తాయి. అవి అచ్చు మీద వ్రాసినవి కావు. గాజు నెగెటివ్ పూత మీద నల్లని సిరాతో వ్రాస్తే కాగితం మీద తెల్లగా పడతాయి. పూత వైపు కాగితానికి ఆనుతుంది గనుక అక్షరాలు తిరగబడతాయి. అందువల్ల పలక మీద వ్రాసేటప్పుడే, అద్దంలో కనిపించినట్లు, కుడి నుండి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ తిప్పి వ్రాయాలి. వేలాది పలకలకు ఇట్లే వరుస సంఖ్యలు పడ్డాయి. ఏ పలక ఏ ఊరిదో, ఏ గుడిదో నేటి పరిశోధకులు పోల్చుకొంటున్నది ఆ తిరగవ్రాసిన అంకెలను బట్టే.